మొహమాటమూ వ్యక్తి హద్దూ
(స్మారకోపన్యాస పాఠం)

స్మారకోపన్యాస వేదికలపై సాధారణంగా రాజ్యాంగం, సాహిత్యోద్యమాలు, ఆర్థిక విధానాల వంటి పెద్ద విషయాలను ఎన్నుకోవడం ఆనవాయితీ. ఈనాటి విషయం చూపుకు చిన్నది. నలుగురిలో నోరు విప్పడానికి జంకే మనిషి తనకు ఇష్టంలేని కోరికను, ప్రశ్నను, చనువును ఎలా ఆపగలడు, ఆపలేకపోయినప్పుడు అందుకు బాధ్యత ఎవరిది అన్నదే ఆ విషయం. ఇంటి వసారాలోను, పెళ్లి పందిట్లోను, కార్యాలయంలోను రోజూ తలెత్తే ఈ ప్రశ్న వెనుక సుదీర్ఘమైన సాంఘిక చరిత్ర ఉన్నది.

ఈ ఉపన్యాసం ప్రతిపాదించే సిద్ధాంతాన్ని ముందే చెప్పుకోవడం ఉచితం. కాదనే అధికారం తెలుగు సమాజంలో ఏనాడూ అందరికీ సమానంగా అందలేదు. కులాన్ని బట్టి, ఆస్తిని బట్టి, వయసును బట్టి, ఆడ మగ తేడాను బట్టి అది పంపకమయింది. పుట్టుకతో బిడియం కలవారు ఆ పంపకంలో ఏ వరుసలో ఉన్నప్పటికీ, తమ వరుసకు దక్కవలసిన దానికంటే తక్కువే పొందారు. ఈ చరిత్రను పక్కనపెట్టి బిడియస్తునికి ధైర్యం నూరిపోయడం వల్ల కలిగే ప్రయోజనం స్వల్పం. అతని హద్దు నిలబడటమన్నది అతని గుండెదిటవు మీద ఎంత ఆధారపడుతుందో, అడిగేవారి మర్యాద మీద కూడా అంతే ఆధారపడుతుంది.

చర్చకు ముందు మూడు మాటల పరిధిని నిర్ణయించుకోవలసి ఉన్నది. ఇతరుల చూపు తన మీద ఉన్నదన్న ఎరుక వల్ల మాటలోను, నడకలోను కలిగే సంకోచాన్ని ఇక్కడ బిడియం అనడం జరిగింది. ఎదుటివారు చిన్నబుచ్చుకుంటారన్న భయంతో తన ఇష్టాన్ని తానే వెనక్కి నెట్టుకోవడం మొహమాటం. మొదటిది స్వభావానికి దగ్గరగా ఉంటుంది, రెండవది పెంపకానికి. వేల మంది ఎదుట ధారాళంగా ప్రసంగించే వ్యక్తి బావమరిది అప్పు అడిగినప్పుడు నీళ్లు నమలడం చూస్తే, బిడియం లేనిచోట కూడా మొహమాటం ఉండగలదని తెలుస్తుంది. బిడియమూ మొహమాటమూ ఒకే మనిషిలో కలిసినప్పుడే చిక్కు ముదురుతుంది. ఇక వ్యక్తి హద్దు అంటే తన శరీరం, కాలం, ధనం, తన గురించిన సమాచారం అనే వాటిలోకి ఎవరిని ఎంతవరకు రానివ్వాలో తానే నిర్ణయించుకొనే పరిధి. సాంఘిక శాస్త్రవేత్త అర్వింగ్ గాఫ్‌మన్ 1971లో ప్రచురించిన గ్రంథంలో వీటిని మనిషి వెంట నడిచే భూభాగాలుగా భావించి, వాటిలోకి జరిగే చొరబాట్లను వర్గీకరించాడు.

బిడియాన్ని శాస్త్రదృష్టితో పరిశీలించినవారిలో చార్లెస్ డార్విన్ తొలివరుసలోని వాడు. మనుషుల్లోను, జంతువుల్లోను భావోద్వేగాలు వ్యక్తమయ్యే తీరుపై 1872లో ఆయన వెలువరించిన గ్రంథంలో ఒక అధ్యాయమంతా సిగ్గుతో ముఖం ఎర్రబడటానికే కేటాయించి, ఇతరులు తన గురించి ఏమనుకుంటున్నారో అన్న ఆలోచనే అందుకు మూలమని వాదించాడు. ఒక శతాబ్దం తరువాత హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో జెరోమ్ కేగన్, ఆయన సహచరులు నాలుగు నెలల పసిబిడ్డలకు కొత్త ధ్వనులను, కొత్త వస్తువులను పరిచయం చేసి చూసినప్పుడు, దాదాపు అయిదోవంతు మంది వాటికి తీవ్రంగా చలించారు. తరువాతి ఏళ్లలో కొత్తవారి ఎదుట వెనుకాడే స్వభావం ఆ బిడ్డలలో ఎక్కువగా కనిపించింది, అయినా వారందరూ బిడియస్తులుగా పెరగలేదు. స్టాన్‌ఫర్డ్‌లో ఫిలిప్ జింబార్డో జరిపిన సర్వేలో సుమారు 40 శాతం మంది తమను తాము బిడియస్తులుగా చెప్పుకున్నారని ఆయన 1977 నాటి పుస్తకం తెలుపుతుంది. ఇంతమందిలో కనిపించే గుణాన్ని లోపమనడం సాహసమే అవుతుంది. అమెరికా మానసిక వైద్యుల సంఘం 1980లో తన రోగనిర్ణయ గ్రంథంలో చేర్చిన సాంఘిక భయం వేరు. మనిషి చదువును, ఉద్యోగాన్ని, స్నేహాలను వదులుకొనేంత తీవ్రమైన ఆ స్థితికి చికిత్స అవసరం. సాధారణ బిడియానికి కావలసింది చోటు.

భారతీయ సంప్రదాయం బిడియాన్ని కించపరచలేదన్న సంగతి ఇక్కడ గమనించదగినది. భగవద్గీత పదహారవ అధ్యాయం దైవీ సంపదగా పేర్కొన్న గుణాలలో హ్రీ, అనగా తప్పు చేయడానికి సిగ్గుపడే స్వభావం, ఒకటి. నాట్యశాస్త్రం వ్రీడను ముప్పై మూడు వ్యభిచారీ భావాలలో చేర్చింది. రసానికి తోడ్పడుతూ వచ్చిపోయే తాత్కాలిక భావాలకు వ్యభిచారీ భావాలని పేరు. అయితే సిగ్గును సంపదగా లెక్కించిన ఆ సంప్రదాయమే, అడిగినవానికి లేదనకపోవడాన్ని అంతకంటె ఎత్తైన పీఠం మీద కూర్చోబెట్టింది. సిగ్గరి మనిషికి ఈ రెండు ఆదర్శాలూ కలిసి బరువైన సంకెల కావడానికి అవకాశం అక్కడే ఏర్పడింది.

ఈ సందర్భంలో భాగవతం అష్టమ స్కంధంలోని వామన చరిత్రను కొత్తగా చదువుకోవలసి ఉన్నది. పోతన తెనిగింపు వల్ల తెలుగువారికి కంఠస్థమైన ఈ ఘట్టంలో, మూడడుగుల నేల అడిగిన వటువుకు దానం చేయబోతున్న బలిని గురువు శుక్రాచార్యుడు వారిస్తాడు. తన బతుకుతెరువునే కూల్చే దానాన్ని పెద్దలు మెచ్చరని, సంపదను ధర్మానికి, కీర్తికి, సంపద వృద్ధికి, భోగానికి, తనవారికి అని అయిదు పాళ్లుగా విభజించుకొన్నవాడే సుఖపడతాడని మూల గ్రంథంలో శుక్రుని వాదం. ఇది హద్దును గురించిన స్పష్టమైన ఆలోచన. మనిషి ఇవ్వవచ్చు, కాని తాను మిగలాలి అన్నది దాని సారం. తెలుగు జనశ్రుతిలో మాత్రం శుక్రుడు కమండలం గొంతుకు అడ్డుపడి కన్ను పోగొట్టుకున్న విఘ్నకారుడిగానే మిగిలాడు. ఆయన వాదాన్ని తూచి చూసినవారు తక్కువ. అంతకన్నా ముఖ్యమైన అంశం మరొకటి ఉన్నది. బలి సాక్షాత్తూ చక్రవర్తి. కాదనగల శక్తి అతనికి సంపూర్ణంగా ఉన్నది, కాదనమన్న సలహా కూడా అందింది, ఆ రెండూ ఉండగా ఇచ్చాడు గనుకనే అది దానం. కాదనే దారి మూసుకుపోయిన మనిషి ఇచ్చేదానికి ఆ పేరు పెట్టడం దానమనే భావాన్నే పలుచన చేయడం అవుతుంది.

కాదనే దారి మూసుకుపోయిన మనుషుల చరిత్ర తెలుగు నేలపై చాలా దగ్గరి కాలానిదే. నిజాం పాలనలోని తెలంగాణలో వెట్టి, అనగా కూలి లేకుండా బలవంతంగా చేయించుకొనే చాకిరి, దేశ్‌ముఖులకు, పటేల్ పట్వారీలకు, పర్యటనకు వచ్చే అధికారులకు అన్ని వృత్తి కులాల చేత సాగింది. చాకలి, మంగలి, కుమ్మరి మొదలైనవారిలో ఎవరెవరు ఏమేమి ఉచితంగా సమర్పించుకోవలసి వచ్చేదో పుచ్చలపల్లి సుందరయ్య తెలంగాణ ప్రజాపోరాటంపై 1972లో వెలువరించిన గ్రంథం వివరంగా నమోదు చేసింది. దొర ఎదుట తల వంచుకోవడం, చేతులు కట్టుకోవడం, అడిగినదానికి బదులు చెప్పకపోవడం అనే లక్షణాలను బయటినుంచి చూసినవాడు ఆ మనుషులను అణకువ గలవారని, సిగ్గరులని భావించి ఉండవచ్చు. అది స్వభావం కాదని, శిక్షణ అని ఆ తరువాతి చరిత్ర రుజువు చేసింది. పాలకుర్తిలో తాను సాగుచేస్తున్న పొలాన్ని, పంటను విసునూరు దేశ్‌ముఖ్‌కు వదలనన్న చాకలి ఐలమ్మ తిరస్కారం తెలంగాణ సాయుధ పోరాట చరిత్రలో నిలిచిపోయింది. ఆమె వ్యక్తిగత ధైర్యాన్ని తగ్గించి చెప్పే ఉద్దేశం ఇక్కడ లేదు. అయినా ఆమె మాట చెల్లడానికి సంఘం, అనగా ఆంధ్ర మహాసభ కార్యకర్తల దండు, వెనుక నిలబడవలసి వచ్చిందన్నది ఈ చర్చకు కీలకమైన వాస్తవం. 1976 నాటి వెట్టి కార్మిక వ్యవస్థ రద్దు చట్టం తన నిర్వచనాలలోనే జీత, పాలేరు, వెట్టి అనే పేర్లను ఎక్కించవలసి రావడం కూడా, కాదనే హక్కు ఒక్కొక్కరి గుండెల్లోంచి తనంత తాను పుట్టలేదని తెలుపుతుంది.

స్త్రీల విషయంలో ఈ శిక్షణకు లజ్జ అనే గౌరవప్రదమైన పేరు లభించింది. 1892లో తొలిసారి ప్రదర్శితమై, 1897లో అచ్చయి, 1909లో కొత్త రూపంలో వెలువడిన గురజాడ కన్యాశుల్కాన్ని ఈ కోణం నుంచి చదివితే ఆ నాటకంలోని స్త్రీపాత్రల మాటకు గల విలువ స్పష్టమవుతుంది. చిన్న కూతురు సుబ్బిని ముసలి లుబ్ధావధాన్లకు కట్టబెట్టవద్దని అగ్నిహోత్రావధాన్లకు అతని భార్య వెంకమ్మ చెప్పిన అభ్యంతరం మాటగా చెల్లలేదు. ఆమె నూతిలో దూకవలసి వచ్చింది. వారి పెద్ద కూతురు, వితంతువైన బుచ్చమ్మ గిరీశం మాటల వలలో చిక్కుకోవడానికి ఆమె అమాయకత్వం ఎంత కారణమో, ఎదురు మాట్లాడటమే నేర్పని ఇంటి పెంపకమూ అంతే కారణం. తన షరతులను తాను స్పష్టంగా ప్రకటించి, ఎవరిని ఎంత దూరంలో ఉంచాలో నిర్ణయించుకోగలిగినది వేశ్య అయిన మధురవాణి ఒక్కతే. ఆమె కుటుంబ మర్యాద అనే చట్రానికి బయటిది కావడం యాదృచ్ఛికమని భావించలేము. మొహమాటానికి పోయి చిక్కులో పడిన ఆడదాని గురించి తెలుగులో ఒక మోటు సామెత ప్రచారంలో ఉన్నది. దానిని ఉదహరించడానికి సభామర్యాద అంగీకరించకపోయినా, అందులోని తీర్పు పరిశీలించదగినది. ఆ సామెత నిందించేది ఆమె మొహమాటాన్ని. ఆ మొహమాటాన్ని వాడుకున్న మగవాడి ప్రసక్తి అందులో లేనేలేదు. బిడియస్తులకు జరిగిన అన్యాయాన్ని లెక్కగట్టే సంప్రదాయ పద్ధతి ఇదే.

భాషాశాస్త్రం ఈ విషయానికి ఒక పనిముట్టును అందించింది. పెనెలపీ బ్రౌన్, స్టీఫెన్ లెవిన్సన్ 1978లో ప్రకటించి, 1987లో పుస్తకంగా తెచ్చిన మర్యాద సిద్ధాంతానికి ఆధారమైన మూడు భాషా సమాజాలలో ఒకటి కోయంబత్తూరు ప్రాంతపు తమిళ గ్రామం కావడం వల్ల, దక్షిణ భారత పాఠకునికి అది పరాయి సిద్ధాంతంగా తోచదు. ప్రతి మనిషికి ఇతరుల మెప్పు పొందాలనే కోరిక ఒకటి, ఇతరుల ఒత్తిడి లేకుండా ఉండాలనే కోరిక ఒకటి ఉంటాయని వారి ప్రతిపాదన. ఒక కోరికను అడగడంలో గాని, తిరస్కరించడంలో గాని ఎంత జంకు ఉంటుందన్నది మూడింటిని బట్టి తేలుతుంది: ఇద్దరి మధ్య గల దూరం, ఒకరిపై మరొకరికి గల అధికారం, ఆ కోరిక ఎంత బరువైనదన్న సామాజిక అంచనా. ఈ లెక్కలో స్వభావమనే అంశానికి వేరుగా చోటు లేకపోవడం ఆ సిద్ధాంతపు వెలితి. అయినా తిరస్కారపు భారం అధికారాన్ని బట్టి మారుతుందన్న దాని నిర్ధారణ, పై చరిత్ర చెప్పిన సంగతినే మరొక భాషలో చెబుతున్నది.

తెలుగు ఇంటి భోజన మర్యాదను ఈ వెలుగులో చూడటం ఫలవంతం. కొసరి వడ్డించడం ఆప్యాయతకు గుర్తు. అతిథి మొదటిసారి వద్దన్నప్పుడు ఆ మాటను నిజంగా తీసుకున్న గృహిణి లోభి అనిపించుకొనే ప్రమాదం ఉన్నది, మొదటిసారి అడగగానే సరేనన్న అతిథి ఆబగా ఉన్నాడనిపించుకొనే ప్రమాదం ఉన్నది. అందువల్ల మొదటి వద్దు లెక్కలోకి రాదన్నది ఇరుపక్షాలకూ తెలిసిన ఒప్పందం. ఆ ఒప్పందంలోనే ఒక రక్షణ కూడా ఇమిడి ఉన్నది. అతిథి విస్తరి మీదికి వంగి రెండు చేతులూ అడ్డుపెట్టిన తరువాత గరిటె ఆగిపోతుంది. మాట మీద నమ్మకం లేని ఆచారం సైగను మాత్రం గౌరవించింది. చిక్కు ఎక్కడ వచ్చిందంటే, మొదటి వద్దును లెక్కచేయకూడదన్న అలవాటు విస్తరి దాటి బతుకంతా పాకింది గాని, చేయి అడ్డుపెడితే ఆగాలన్న నియమం దాని వెంట రాలేదు. మందు ముట్టనివానికి విందులో గ్లాసు అందించేటప్పుడు, పెళ్లి వద్దన్న అమ్మాయికి సంబంధాలు చూసేటప్పుడు, పిల్లవాడు ముడుచుకుపోతున్నా చుట్టాలకు ముద్దు పెట్టమని ముందుకు తోసేటప్పుడు, జీతమెంత, పిల్లలెప్పుడు అని పరిచయమైన పావుగంటకే అడిగేటప్పుడు పనిచేసేది ఆ అలవాటే. గలగల మాట్లాడగలవాడు ఈ ఒత్తిడిని నవ్వి తప్పించుకుంటాడు. బిడియస్తుడు తనకున్న ఒక్క వద్దునూ కూడగట్టుకొని ఒకసారి పలుకుతాడు. అది చెల్లకపోతే అతని వద్ద రెండవది ఉండదు.

అతడు చేయగలిగినది వాయిదా. చూద్దాం, ఇంట్లో కనుక్కొని చెబుతాను, వీలు చూసుకొంటాను అనే మాటలు తెలుగులో మర్యాదగల తిరస్కారాలుగా స్థిరపడ్డాయి. అడిగినవాడు పెద్దమనిషి అయితే అర్థం చేసుకొని ఊరుకుంటాడు. కానివాడు ఆ మాటలను సగం అంగీకారంగా జమకట్టుకొని వారం తిరగకముందే మళ్లీ వస్తాడు. అప్పటికి కాదనడం మొదటిసారికంటె కష్టమవుతుంది, ఎందుకంటే ఇప్పుడు అది మాట తప్పడంలా కనిపిస్తుంది.

ఈ వాయిదాకు వెల ఎంతో తెలిపే ఉదాహరణ అప్పు పత్రం మీద జామీను సంతకం. 1872 నాటి భారత ఒప్పందాల చట్టం 128వ సెక్షన్ ప్రకారం, ఒప్పందంలో వేరుగా రాసుకోనంతవరకు, హామీదారు బాధ్యత అసలు రుణగ్రస్తుని బాధ్యతతో సమానం. స్వేచ్ఛాయుత సమ్మతిని చెడగొట్టే కారణాలుగా ఆ చట్టం 14వ సెక్షన్ బలాత్కారాన్ని, అనుచిత ప్రభావాన్ని, మోసాన్ని, తప్పుడు ప్రకటనను, పొరపాటును గుర్తించింది. మొహమాటం ఆ జాబితాలో లేదు. డార్విన్ సిగ్గును వర్ణించిన సంవత్సరమే వచ్చిన ఈ చట్టానికి సిగ్గు వల్ల పడిన సంతకం, ఇష్టంతో పడిన సంతకం ఒక్కటే. సహోద్యోగికో, మేనల్లుడికో బ్యాంకులో గాని, చిట్టీ కంపెనీలో గాని హామీ ఇచ్చి, ఆ తరువాత తన జీతంలోంచి వాయిదాలు కట్టవలసి వచ్చిన ఉద్యోగులు తెలుగు పట్టణాలలో కొత్త కాదు. చట్టాన్ని తప్పుపట్టడానికి వీలులేదు, లోపలి సంకోచాన్ని కొలిచే సాధనం న్యాయస్థానానికి లేదు. అందుచేతనే ఆ సంకోచాన్ని గుర్తించే బాధ్యత అడిగేవారి మీద మరింత పడుతుంది.

శరీరానికి, ఏకాంతానికి సంబంధించిన హద్దుల విషయంలో మాత్రం చట్టం కొంత దూరం నడిచింది, ఆ నడకలో తెలుగు నేలకు భాగమున్నది. దూరమైన భార్యను గాని, భర్తను గాని కాపురానికి రమ్మని న్యాయస్థానం ఆదేశించే వీలు కల్పించిన హిందూ వివాహ చట్టం 9వ సెక్షన్‌ను 1983లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు న్యాయమూర్తి జస్టిస్ పి.ఎ. చౌదరి, అది వ్యక్తి ఏకాంతానికి, గౌరవానికి భంగకరమని, రాజ్యాంగ విరుద్ధమని కొట్టివేశారు. మరుసటి ఏడాదే సుప్రీంకోర్టు ఆ సెక్షన్‌ను సమర్థించి, ఆ తీర్పును తోసిపుచ్చింది. అయినా 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం ఏకాంతతను ప్రాథమిక హక్కుగా ప్రకటించిన తరువాత, ఆనాటి హైకోర్టు తీర్పును కాలానికి ముందే వచ్చిన తీర్పుగా చూడటం సమంజసం. పనిచేసే చోట లైంగిక వేధింపుల నివారణకు 2013లో వచ్చిన చట్టం వేధింపును నిర్వచిస్తూ అవాంఛిత ప్రవర్తన అనే భావాన్ని కేంద్రంలో నిలిపింది. ఎదుటి మనిషి గట్టిగా అరిచి ఎదిరించిందా అన్నదానికి బదులు, ఆ ప్రవర్తన ఆమెకు ఇష్టమైనదా కాదా అన్నది ప్రశ్న అయింది. గొంతు పెగలని మనిషి పక్షాన చట్టం వేసిన అడుగులలో ఇది ముఖ్యమైనది.

ఇక బిడియస్తునికి నేర్పే విద్య సంగతి. 1949లో ఆండ్రూ సాల్టర్, 1958లో జోసెఫ్ వోల్పీ రాసిన చికిత్సా గ్రంథాలతో రూపుదిద్దుకొని, 1970లో రాబర్ట్ ఆల్బర్టి, మైకేల్ ఎమన్స్ పుస్తకంతో ప్రజాదరణ పొందిన దృఢభాషణ శిక్షణ, అనగా ఎదుటివారిని నొప్పించకుండా, తాను లొంగిపోకుండా తన మాట చెప్పుకోవడాన్ని సాధన చేయించే పద్ధతి, తెలుగు రాష్ట్రాలకు వ్యక్తిత్వ వికాస తరగతుల రూపంలో చేరింది. దాని ఉపయోగాన్ని కాదనవలసిన పనిలేదు. కారణాలు పెంచకుండా చిన్న వాక్యంలో చెప్పడం, మళ్లీ అడిగితే అదే వాక్యాన్ని మళ్లీ చెప్పడం, ఎదురుపడి చెప్పలేని సంగతిని రాసి పంపడం, జామీను ఎవరికీ ఇవ్వకూడదన్న నియమం వంటి వాటిని అడగక ముందే ఇంట్లో నిర్ణయించుకోవడం బిడియస్తునికి నిజంగా పనికివచ్చేవే. కారణం చెప్పకపోవడం వీటిలో అన్నిటికన్నా కష్టమైనది, అన్నిటికన్నా అవసరమైనది కూడా. చెప్పిన ప్రతి కారణానికీ అడిగేవారి వద్ద ఒక పరిష్కారం సిద్ధంగా ఉంటుంది. అయితే ఈ శిక్షణ, కాదన్నందుకు చెల్లించవలసిన మూల్యం అందరికీ ఒక్కటే అన్న ఊహ మీద నిలిచినది. అత్తవారింట కొత్తగా అడుగుపెట్టిన కోడలికి, పై అధికారి కులం పెద్దదైన చోట పనిచేసే గుమాస్తాకు, మార్గదర్శకుని సంతకం మీద భవిష్యత్తు ఆధారపడిన పరిశోధక విద్యార్థికి అద్దం ముందు చేసిన సాధన ఎంతవరకు అక్కరకు వస్తుందో ఆ తరగతులు నడిపేవారు ఆలోచించినట్లు కనిపించదు. ఐలమ్మకు సంఘం తోడైనట్లు, వీరి వెనుక కూడా ఒకరు నిలబడాలి. వద్దన్న కోడలిని సమర్థించే ఆడపడుచు, విద్యార్థి తరఫున మాట్లాడే మరొక అధ్యాపకుడు, గుమాస్తా నిరాకరణను నమోదు చేసుకొనే కార్యాలయ నియమం ఆ తోడు కాగలవు.

ఈ సభలో ఉన్నవారిలో అధికులు తమ తమ స్థానాలలో అడిగేవారే. విభాగాధిపతులు, ఇంటి పెద్దలు, సంఘాల కార్యదర్శులు, చందా పుస్తకాలు పట్టుకొని తిరిగేవారు ఇక్కడ ఉన్నారు. వారికి ఈ ఉపన్యాసం చేసే విన్నపం ఒక్కటే: చందాలను, హామీ సంతకాలను, సెలవు రోజున అదనపు పనిని నలుగురి ఎదుట నిలబెట్టి అడిగే పద్ధతిని మానుకొని, కాగితం మీద, గడువు ఇచ్చి, కాదన్నందుకు కారణం రాయనక్కరలేని విధంగా అడగాలి. మొదటిసారి వచ్చిన జవాబునే చివరి జవాబుగా స్వీకరించాలి. ఈ విద్యాసంస్థ తన కార్యాలయం నుంచే ఆ పద్ధతిని రాబోయే విద్యాసంవత్సరంలో ప్రారంభించగలదు.